సర్వర్ సెట్టింగులకు రికార్డు పెట్టండి, తాళాలు మాత్రం అందులో పెట్టకండి

ఆసుపత్రి ఓపీ కౌంటరు, కాలేజీ ఫీజుల పోర్టల్, సహకార బ్యాంకు శాఖ, మున్సిపల్ పన్నుల సైటు, ఊరి కేబుల్ ఆపరేటర్ ఇచ్చే ఇంటర్నెట్. వీటిలో దేని వెనక చూసినా ఒక సర్వర్ ఉంటుంది. ఆ సర్వర్ ఎలా నడుచుకోవాలో చెప్పేవి చిన్న చిన్న టెక్స్ట్ ఫైళ్లు. లైనక్స్‌లో ఇవి ఎక్కువగా ఈటీసీ అనే డైరెక్టరీలో ఉంటాయి. ఏ పోర్టు తెరవాలి, ఏ డేటాబేస్‌కు వెళ్లాలి, ఎవరిని లోపలికి రానివ్వాలి, ఏ సర్టిఫికెట్ చూపించాలి, అన్నీ అక్కడే. ప్రోగ్రాం కోడ్‌లో ఒక్క అక్షరం మార్చినా, మార్పుల చరిత్రను దాచే గిట్ అనే సాధనంలో నమోదు చేసే సంస్థల్లో కూడా ఈ ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి ఏం జరుగుతోంది? అర్ధరాత్రి ఎవరో ఒకరు లాగిన్ అయి, చేత్తో మార్చి, సర్వీసు రీస్టార్ట్ చేసి వెళ్లిపోతున్నారు. ఎవరు మార్చారో రాసి ఉండదు. అంతకు ముందు ఏముందో రాసి ఉండదు. ఎందుకు మార్చారన్నది ఒక్క మనిషి బుర్రలో ఉంటుంది, అతను ఉద్యోగం మారిన రోజున అది కూడా అతనితోనే పోతుంది. ఈ అలవాటును ఈ వారమే మానాలి. సర్వర్లు చూసే ఇంజినీర్లకు ఎంత గట్టిగా చెబుతున్నానో, వారికి జీతాలిచ్చే యజమానులకూ అంతే గట్టిగా చెబుతున్నాను.

ఏ మెషీన్‌లో ఏముందో తెలియకపోతే ఎంత నష్టం జరుగుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ ట్రేడింగ్ సంస్థకు తెలిసొచ్చింది. కొత్త కోడ్‌ను 8 సర్వర్లలో పెట్టాలి. పెట్టిన టెక్నీషియన్ 7 సర్వర్లకు పెట్టి ఎనిమిదోదాన్ని మరిచిపోయాడు. రెండో మనిషి సరిచూడాలన్న రాతపూర్వక నియమం ఆ సంస్థలో లేదు. ఎనిమిదో సర్వర్‌లో ఏళ్ల క్రితమే వాడకం ఆపేసిన పాత ప్రోగ్రాం ఒకటి ఇంకా మిగిలి ఉంది. కొత్త సదుపాయాన్ని ఆన్ చేయడానికి వాడిన ఫ్లాగే ఒకప్పుడు ఆ పాత ప్రోగ్రాంను ఆన్ చేసేది. మార్కెట్ తెరిచారో లేదో ఆ ఒక్క మెషీన్ ఆగకుండా ఆర్డర్లు పంపడం మొదలుపెట్టింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

ఈ కథలో అందరూ చెప్పుకునేది ఆ డాలర్ల సంఖ్యే. నాకు అంతకన్నా భయం పుట్టించే వివరం మరొకటి అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన ఉత్తర్వులో ఉంది. నష్టం జరుగుతుండగానే ఇంజినీర్లు దిద్దుబాటుకు దిగారు. తేడా ఎక్కడుందో వాళ్లకు తెలియలేదు. కొత్త కోడ్ వల్లే ఇలా అవుతోందనుకుని, సరిగ్గా పనిచేస్తున్న 7 సర్వర్ల నుంచి దాన్ని తీసేశారు. దాంతో నష్టం మరింత పెరిగింది. మార్కెట్ తెరవకముందే ఆ ఉదయం లోపాన్ని సూచిస్తూ 97 ఈమెయిళ్లు ఆటోమేటిక్‌గా ఉద్యోగులకు వెళ్లాయి కూడా, వాటిని హెచ్చరికలుగా ఎవరూ పట్టించుకోలేదు. ఏ మెషీన్ మిగతావాటికి భిన్నంగా ఉందో చూపే రికార్డు చేతిలో లేనివాడు కంగారులో మంచిదాన్నే పాడుచేస్తాడు. మరుసటి ఏడాదికల్లా ఆ సంస్థ ఇంకో సంస్థలో కలిసిపోయింది.

పదేళ్ల తర్వాత కెనడాలో జరిగింది చూడండి. 2022 జులై 8 తెల్లవారుజామున రోజర్స్ టెలికాం ఇంజినీర్లు తమ కోర్ నెట్‌వర్క్ అప్‌గ్రేడ్‌లో భాగంగా రౌటర్ల కాన్ఫిగరేషన్ నుంచి ఒక ఫిల్టర్‌ను తొలగించారు. దాని అడ్డు పోవడంతో లెక్కకు మించిన రూట్ల సమాచారం కోర్ రౌటర్ల మీద పడి అవి కుప్పకూలాయి. కోటీ ఇరవై లక్షల మందికి పైగా ఫోన్, ఇంటర్నెట్ లేకుండా ఉండిపోయారు. చాలామందికి అత్యవసర నంబరు 911 కూడా అందలేదు. దేశమంతటా డెబిట్ కార్డు చెల్లింపులు ఆగాయి. టొరంటో చుట్టుపక్కల ఉండే మన తెలుగు కుటుంబాలు ఆ రోజును అంత తేలిగ్గా మరిచిపోవు. తర్వాత జరిగిన స్వతంత్ర సమీక్షలో రెండు సంగతులు బయటపడ్డాయి. ఈ అప్‌గ్రేడ్‌లో 7 దశలు ఉన్నాయి, మొదట దీన్ని ఎక్కువ ప్రమాదం ఉన్న పనిగా లెక్కించారు. ముందటి దశలు సాఫీగా సాగిపోవడంతో ఆరో దశకు ప్రమాదం తక్కువని లెక్క మారింది. సరిగ్గా ఆ ఆరో దశలోనే నెట్‌వర్క్ పడిపోయింది. ఇక రెండోది, పడిపోయిన నెట్‌వర్క్‌ను బాగుచేయడానికి ఇంజినీర్లు వెళ్లాల్సిన దారి కూడా ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉంది.

పద్ధతులు, సమీక్షలు ఉన్న పెద్ద సంస్థకే ఈ గతి పట్టింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక కాన్ఫిగరేషన్ అప్‌డేట్ సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడేసింది. దాన్ని ముందు కొన్ని మెషీన్లకు పంపి చూసే పని చేయకుండా ఒకేసారి వదిలారు. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు పట్టుకుని విమానం ఎక్కారు. అలాంటిది, ఒక్క ఇంజినీరు, ఒక్క సర్వర్, రికార్డు అన్నదే లేని చోట ఏం జరగగలదో ఆలోచించండి.

మన దగ్గర మార్పులు జరిగే తీరు తెలిసినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. ఫైలు మార్చే ముందు దాని కాపీ ఒకటి పక్కన పెడతారు. పేరు చివర 'బ్యాక్' అనో 'ఓల్డ్' అనో తగిలిస్తారు. తర్వాత 'ఓల్డ్2', 'న్యూ', 'ఫైనల్', ఆ తర్వాత తేదీ వేసిన ఇంకొకటి. ఏడాది తిరిగేసరికి డైరెక్టరీలో పదిహేను కాపీలు, ఏది ఎప్పటిదో చెప్పే నాథుడు ఉండడు. ఇది జాగ్రత్త అని చాలామంది నమ్ముతున్నారు. నిజానికి ఈ కాపీలే ప్రమాదం తెస్తాయి. డెబియన్, ఉబుంటు సర్వర్లలో ఇంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ 'సైట్స్ ఎనేబుల్డ్' అనే డైరెక్టరీలోని ప్రతి ఫైలునూ చదువుతుంది, పేరు చివర ఏముందో చూడదు. అక్కడ పెట్టిన పాత కాపీ కూడా అమల్లోకి వస్తుంది. ఇంతకన్నా ఘోరమైనది పీహెచ్‌పీ సైట్లలో కనిపిస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న కాన్ఫిగ్ ఫైలుకు చివర 'బ్యాక్' చేర్చి వెబ్ డైరెక్టరీలోనే వదిలేస్తారు. అది ఇక పీహెచ్‌పీ ఫైలు కాదు కనుక సర్వర్ దాన్ని ప్రోగ్రాంగా నడపదు. అడిగినవారికి మామూలు టెక్స్ట్‌గా, పాస్‌వర్డ్‌తో సహా, పంపించేస్తుంది. ఇలాంటి పేర్లను ఊహించి వెతికే ఆటోమేటిక్ ప్రోగ్రాములు ఇంటర్నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతూనే ఉంటాయి.

బ్యాకప్ ఉంది కదా అంటారు కొందరు. బ్యాకప్ ఉండాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ రాత్రి ఒంటిగంటకు తీసిన బ్యాకప్‌కు ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఒకరు మార్చి, నాలుగింటికి ఇంకొకరు తిరగరాసిన సంగతి తెలియదు. ఎవరు, ఎందుకు అన్న ప్రశ్నలకు అది ఎప్పుడూ జవాబు చెప్పదు. పల్లెల్లో పొలం చేతులు మారితే రిజిస్ట్రేషన్‌తో పని అయిపోదు, మ్యుటేషన్ జరిగి పాత పేరు, కొత్త పేరు, తేదీ, ఆధారం రికార్డుకెక్కాలి. అది జరగని పొలాల మీదే తరాల తరబడి కోర్టు గొడవలు నడుస్తాయి. సర్వర్ ఫైలుకూ అలాంటి నమోదే కావాలి.

దానికి సాధనాలు కొత్తగా కనిపెట్టాల్సిన అవసరం లేదు. ఫైళ్ల మార్పులను వరసగా దాచే ఆర్‌సీఎస్ 1980ల నాటిది. లైనస్ టోర్వాల్డ్స్ గిట్‌ను 2005లో రాశారు. అప్పట్లో డెబియన్ డెవలపర్‌గా ఉన్న జోయీ హెస్ రాసిన ఈటీసీకీపర్ అచ్చంగా ఈ పని కోసమే ఉంది, ఉచితం, ఉబుంటులో ఒక్క కమాండ్‌తో ఇన్‌స్టాల్ అవుతుంది. ఈటీసీ డైరెక్టరీ మొత్తాన్ని గిట్ కిందికి తెస్తుంది. కొత్త ప్యాకేజీ పెట్టే ముందు, పెట్టిన తర్వాత ఏం మారిందో దానంతటదే నమోదు చేస్తుంది. మీరు చేత్తో మార్చి నమోదు మరిచిపోయినా రోజుకోసారి తానే చేస్తుంది. మార్చినవాళ్లు తమ సొంత లాగిన్ నుంచి సుడో ద్వారా వచ్చి ఉంటే, సర్వాధికారాలున్న రూట్ ఖాతా పేరు కాక వాళ్ల పేరే రాస్తుంది. అందుకే అందరూ ఒకే పాస్‌వర్డ్‌తో నేరుగా రూట్‌గా లాగిన్ అయ్యే పద్ధతిని ఈ రోజే ఆపండి. నలుగురు ఒకే పేరుతో చేసిన మార్పుకు ఎంత మంచి రికార్డు పెట్టినా అందులో మనిషి కనిపించడు.

ఈటీసీలో వట్టి గిట్ ఇనిట్ కొట్టి సరిపెట్టుకోవద్దని ప్రత్యేకంగా చెప్పాలి. ఫైలు ఎవరిది, ఎవరు చదవవచ్చు అన్న వివరాలను గిట్ దాదాపు దాచదు, ఎగ్జిక్యూట్ అనుమతి ఒక్కటే గుర్తుపెట్టుకుంటుంది. ఆపదలో పాత ఫైళ్లను తిరిగి తెచ్చినప్పుడు, రూట్‌కు మాత్రమే కనబడాల్సిన పాస్‌వర్డ్ హ్యాష్‌ల ఫైలు అందరికీ కనబడే స్థితిలో తిరిగి రావచ్చు. ఈటీసీకీపర్ ఆ అనుమతులను వేరే ఫైల్లో రాసి పెట్టుకుంటుంది, ఖాళీ డైరెక్టరీల సంగతీ చూసుకుంటుంది. దాన్ని వాడమని గట్టిగా చెప్పడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఏం మారిందో సాధనం చెబుతుంది, ఎందుకు మారిందో మనిషే రాయాలి. కమిట్ సందేశంలో 'అప్‌డేట్' అని రాస్తే ఏమీ రాయనట్టే. 'పరీక్ష ఫలితాల రోజు రద్దీ తట్టుకోవడానికి కనెక్షన్ల పరిమితి పెంచాం, వారం తర్వాత తగ్గించాలి' అని రాయండి. ఆరు నెలల తర్వాత తెల్లవారుజామున ఆ లైను చూసే కొత్త కుర్రాడికి ఆ వాక్యమే దిక్కు.

ఇంతవరకూ చెప్పింది సగం హెచ్చరికే. రికార్డు పెట్టండన్న మాట విని, ఉత్సాహంగా ఈటీసీ మొత్తాన్ని తీసుకెళ్లి, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ డైరెక్టరీలో సెట్టింగులతో పాటు మీ ఇంటి తాళాలన్నీ ఉంటాయి. యూజర్ల పాస్‌వర్డ్ హ్యాష్‌లు, సర్టిఫికెట్ల ప్రైవేట్ కీలు, సర్వర్ ఎస్‌ఎస్‌హెచ్ కీలు, డేటాబేస్ పాస్‌వర్డ్లు, ఎస్సెమ్మెస్ గేట్‌వే టోకెన్లు. అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2019లో గిట్‌హబ్‌లోని పబ్లిక్ రిపాజిటరీలను వెతికితే ఇలాంటి రహస్యాలు లక్షకు పైగా రిపాజిటరీల్లో దొరికాయి. ప్రతిరోజూ వేల సంఖ్యలో కొత్తవి చేరుతున్నాయని వాళ్లు లెక్కగట్టారు.

ఇది అజ్ఞానుల వల్ల జరిగే పని అనుకోవద్దు. టొయోటా కార్ల కనెక్టెడ్ సేవకు చెందిన కోడ్‌లో కొంత భాగాన్ని ఒక సబ్‌కాంట్రాక్టర్ 2017 డిసెంబరులో పబ్లిక్ రిపాజిటరీలో పెట్టాడు. అందులో కస్టమర్ల డేటా ఉన్న సర్వర్ కీ ఉంది. 2022 సెప్టెంబరు దాకా, అంటే దాదాపు అయిదేళ్లు, ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది కస్టమర్ల ఈమెయిల్ చిరునామాలు బయటపడి ఉండవచ్చని ఆ సంస్థే ప్రకటించింది. 2023 మార్చిలో గిట్‌హబ్ సంస్థదే ఒక ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ కాసేపు పబ్లిక్ రిపాజిటరీలో కనిపించింది, వెంటనే ఆ కీని మార్చేశారు. కోడ్ దాచడమే వృత్తిగా ఉన్నవాళ్లకూ ఇది జరిగింది.

'మాది ప్రైవేట్ రిపాజిటరీ, ఎవరూ చూడరు' అనేవారు ఊబర్ సంగతి తెలుసుకోవాలి. 2016లో దుండగులు ఆ సంస్థ ఇంజినీర్లు వాడే ప్రైవేట్ గిట్‌హబ్ రిపాజిటరీలోకి చొరబడ్డారు. అక్కడ అమెజాన్ క్లౌడ్ కీ దొరికింది. దాంతో 5 కోట్ల 70 లక్షల మంది ప్రయాణికులు, డ్రైవర్ల వివరాలు వాళ్ల చేతికి చిక్కాయి. సంస్థ లక్ష డాలర్లు చెల్లించి ఏడాది పాటు ఈ సంగతి దాచింది. భద్రతా విభాగం అధిపతిగా ఉన్న వ్యక్తిని 2022లో కోర్టు దోషిగా తేల్చింది. ప్రైవేట్ అన్న గుర్తు ఒక్క ఇంజినీరు పాస్‌వర్డ్ పోయేదాకానే పనిచేస్తుంది.

పొరపాటున పెట్టిన పాస్‌వర్డ్‌ను తర్వాతి కమిట్‌లో చెరిపేస్తే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. గిట్ ఉన్నదే పాతదాన్ని పారేయకుండా దాచడానికి. మీరు చెరిపిన పాస్‌వర్డ్ చరిత్రలో అలాగే ఉంటుంది, మీకన్నా ముందు క్లోన్ చేసుకున్న ప్రతివారి దగ్గరా ఉంటుంది. చరిత్రను తిరగరాసే సాధనాలు ఉన్నాయి, అవి రెండో మెట్టు. మొదటి మెట్టు ఎప్పుడూ ఒక్కటే, బయటపడిన కీని అక్కడికక్కడే రద్దు చేసి కొత్తది పెట్టడం. శుభ్రం చేశాక మారుద్దాం అనుకున్నంతసేపూ తాళం దొంగ చేతిలో ఉంటుంది.

కనుక ఈటీసీ చరిత్రను ఆ సర్వర్‌లోనే ఉంచండి, గిట్ డైరెక్టరీని రూట్ తప్ప ఎవరూ చదవలేనట్టు కట్టుదిట్టం చేయండి. మెషీన్ డిస్క్ పోయినా, రాన్సమ్‌వేర్ పడినా చరిత్ర మిగలాలంటే రెండో కాపీ తప్పదు. దాన్ని మీ అధీనంలోని మరో మెషీన్‌కు, ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి. రోజర్స్‌కు జరిగింది గుర్తుంచుకుని, నెట్‌వర్క్ పడినప్పుడు కూడా చేతికందే చోట ఆ కాపీ ఉండేలా చూసుకోండి. బృందమంతా పంచుకోవాల్సిన కాన్ఫిగ్ ఉంటే అందులో పాస్‌వర్డ్ ఉన్న చోట ఖాళీ వదిలి, అసలు రహస్యాన్ని వేరే చోట దాచండి. యాన్సిబుల్ వాల్ట్, సాప్స్ లాంటివి అందుకోసమే. గిట్‌లీక్స్ వంటి సాధనాన్ని కమిట్‌కు ముందే నడిచేలా పెడితే చేయిజారే రహస్యాలను చాలావరకు అక్కడే పట్టుకుంటుంది. వెబ్‌సైట్‌ను గిట్ ద్వారా సర్వర్‌లోకి తెచ్చేవారు తమ డొమైన్ పేరు తర్వాత గిట్ డైరెక్టరీ చిరునామా కొట్టి ఒకసారి చూడండి. అది తెరుచుకుంటే మీ కోడ్, దాని చరిత్ర మొత్తం ఎవరైనా దింపుకోవచ్చు.

క్లౌడ్‌లో ఉన్నాం, కుబర్నెటీస్ వాడుతున్నాం, ఈటీసీతో మాకేం పని అనే హైదరాబాద్ స్టార్టప్ మిత్రులకు ఒక మాట. కుబర్నెటీస్ సీక్రెట్ ఫైల్లో కనిపించే అక్షరాలు ఎన్‌క్రిప్షన్ కావు, బేస్64 మాత్రమే, ఎవరైనా క్షణంలో విప్పుతారు. టెరాఫార్మ్ స్టేట్ ఫైల్లో పాస్‌వర్డ్లు ఉన్నవి ఉన్నట్టే ఉండవచ్చు. ఈ రెండూ గిట్‌లోకి వెళ్తున్నాయేమో చూసుకోండి.

మార్పు నమోదు చేయడంతో బాధ్యత తీరదు, అమల్లో పెట్టే ముందు పరీక్షించాలి. ఇంజిన్‌ఎక్స్‌కు, అపాచీకి, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌కు ఫైలు సరిగ్గా ఉందో లేదో చెప్పే కమాండ్లు వాటితోనే వస్తాయి. సుడోయర్స్ ఫైలును వైసుడోతో తప్ప మరో ఎడిటర్‌తో తెరవనే కూడదు. ఎస్‌ఎస్‌హెచ్ సెట్టింగులు మార్చేటప్పుడు ఇంకో లాగిన్ తెరిచి ఉంచుకోండి. లేకపోతే తలుపు బయటి నుంచి మీకే మూసుకుపోతుంది.

యజమానులకు ఒక విన్నపం. ఈ రికార్డును ఉద్యోగులను శిక్షించే ఆయుధంగా వాడకండి. ఫలానా మార్పు నీ పేరు మీద ఉందని ఒక్కసారి జీతం కోస్తే, రెండోసారి ఎవరూ తమ పేరుతో మార్పు చేయరు. రూట్‌గా లాగిన్ అయి, నమోదు తప్పించి చేస్తారు, అప్పుడు మీ దగ్గర ఉన్నది అబద్ధపు రికార్డు అవుతుంది. రెండో మనిషి చూడకుండా మార్పు వెళ్లకూడదన్న నియమం పెట్టండి, ఆ రెండో మనిషికి జీతం ఇవ్వండి.

చట్టం కూడా ఇప్పుడు ఊరుకోదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తగిన భద్రతా చర్యలు తీసుకోనివారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా నిర్దేశించింది. ఏ ఫైలు ఎప్పుడు మారిందో తెలియని సంస్థ ఆ 6 గంటల్లో నివేదికలో ఏమని రాస్తుంది?

ఈ వారం మీ సర్వర్ చూసే మనిషిని పిలిచి కూర్చోబెట్టుకోండి. ఈటీసీకీపర్ పెట్టించండి. ఉమ్మడి రూట్ లాగిన్ మూయించండి. వెబ్ డైరెక్టరీల్లో పడి ఉన్న పాత కాపీలను తీయించండి. మీ సంస్థ రిపాజిటరీల చరిత్రలో రహస్యాలేమైనా ఉన్నాయేమో వెతికించండి. వెతుకుతుండగా ఒక్క కీ కనబడినా మిగతా పనులన్నీ ఆపి, ముందు ఆ కీని మార్చండి.